రాళ్ళగుట్ట ఎక్కడానికి స్పెయిన్ దాకా ఎందుకు?

స్పెయిన్ వెళ్ళొచ్చానంటే ఎవరైనా మొదట అడిగేది బార్సిలోనా గురించి, ఆ తర్వాత అల్ హంబ్రా గురించి. "రెండూ చూళ్ళేదు, ఓ నాలుగు కొండలెక్కి పాడుబడిన కోటలు చూసొచ్చాను" అంటే నావైపు జాలిగా చూస్తారు. మా టీములో మిత్రుడొకడు నా ఫొటోలన్నీ ఓపిగ్గా చూసి, చివర్లో ఒకటే మాటన్నాడు.

"ఏం గురూ, ఈ రాళ్ళగుట్టలు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా? మా దేవరకొండలో కావలసినన్ని ఉన్నాయి. చెబితే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదా!"

వాడన్నదీ నిజమే. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ, సరైన సమాధానం తట్టడానికి వారం పట్టింది. ఇదిగో, ఇదీ ఆ సమాధానం. కాస్త పెద్దదే, కాఫీ దగ్గర పెట్టుకుని చదవండి.

నా వాదన ముందే చెప్పేస్తాను. కాలినడకన ఎక్కి చూసిన పాడుకోట చెప్పే సంగతులు, టికెట్టు కొని చూసే నగిషీల కోట చెప్పదు. కాబట్టి అలాంటివాటిని కొత్తగా కట్టెయ్యకూడదు, పైదాకా రోడ్డు వెయ్యకూడదు. అలాగని కూలిపోనివ్వనూ కూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అవి ఎవరివో బోర్డు మీద నిజం రాయాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఎక్కడివీ కోటలు?

ఆఫీసు పనిమీద వాలెన్సియా వెళ్ళాను. మార్చి నెలాఖరు. పని అయిపోయాక మూడు రోజులు మిగిలాయి. వాలెన్సియా నగరానికి దక్షిణంగా, అలికాంతే జిల్లా ఉత్తరపు కొసన, మరీనా అల్తా అని ఒక ప్రాంతం ఉంది. సముద్రం ఒడ్డునంతా హోటళ్ళూ, అపార్టుమెంట్లూ, ఎండ కాచుకోడానికొచ్చిన ఉత్తర యూరప్ ముసలివాళ్ళూ. ఓ ఇరవై కిలోమీటర్లు లోపలికి వెళ్తే మాత్రం అన్నీ సున్నపురాయి కొండలు, మధ్య మధ్య సన్నటి లోయలు. అందులో ఒక లోయ పేరు గల్యినేరా. దాన్నిండా చిన్న చిన్న ఊళ్ళు: బెనిర్రామా, బెనియలీ, బెనిస్సివా, బెనితాయా, అల్పత్రో, బెనిస్సిలి... ఎనిమిదూళ్ళూ కలిపినా జనాభా వందల్లోనే.

పేర్లు గమనించారా? "బెని" అంటే అరబీలో ఫలానావారి సంతానం. మన గుంటూరు వైపు ఫలానావారి పాలెం ఉన్నట్టన్నమాట. ఆ పేర్లు పెట్టినవాళ్ళు వెళ్ళిపోయి నాలుగు వందల ఏళ్ళు దాటింది. పేర్లు మాత్రం రోడ్డు పక్కన బోర్డుల మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్క లోయ పేరు అల్కలా. అరబీలో "అల్ ఖల్అ", అంటే కోట. మన ఖిల్లా అదే మాట. స్పెయిన్‌లో మేయరుని "అల్కాల్దే" అంటారు. అది "అల్ ఖాదీ" నుంచి వచ్చింది, మన కాజీపేటలో ఉన్న కాజీయే ఆయన కూడా. దారి పొడుగునా కనిపించే నారింజని స్పానిష్‌లో "నరాంహ" అంటారు. అదైతే మన దేశంలో బయల్దేరి, పర్షియా మీదుగా అరబ్బుల నోట పడి అక్కడికి చేరిన మాట. ఇంతెందుకు, మనం రోజూ అన్నం తినే "అల్గారిథమ్" కూడా అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే కదా. ఊరు కాని ఊళ్ళో మన చుట్టాలు ఎదురైనట్టు ఉంటుంది.

సరే, అసలు విషయానికొద్దాం.

ఎక్కితే ఏం తెలుస్తుంది?

బెనిస్సిలి ఊరికి పైన, కొండ కొసన ఒక కోట ఉంది. కింద నుంచి చూస్తే కోటో, కొండరాయో పోల్చుకోలేం. ఊరు దాటగానే రాతి కట్టలు పేర్చి మెట్లు మెట్లుగా చదును చేసిన చేలు. చెర్రీ, బాదం, ఆలివ్ చెట్లు. నేను వెళ్ళినప్పుడు చెర్రీలు తెల్లగా పూసి ఉన్నాయి. సిమెంటూ సున్నమూ లేకుండా వట్టి రాళ్ళు పేర్చి కట్టిన ఆ గట్లు చూస్తుంటే, కొండవాలుని ఇలా పొలంగా మార్చడానికి ఎన్ని తరాలు పట్టిందో అనిపించింది. పైకి వెళ్ళేకొద్దీ చెట్లు తగ్గి ముళ్ళపొదలూ, రాళ్ళూ మిగుల్తాయి.

గంటకి పైగా పట్టింది పైకి చేరడానికి. నిజం చెప్పాలంటే అందులో సగం సేపు కూర్చునే ఉన్నాను. రోజంతా కుర్చీలో కూర్చునే ఒళ్ళు కదా :)

పైన ఉన్నవేమిటంటే: ఒక బురుజు మొదలు, అక్కడక్కడా గోడల ముక్కలు, నీళ్ళ తొట్టి. అంతే. మా మిత్రుడి భాషలో రాళ్ళగుట్ట. కానీ కాసేపు కూర్చుని గోడని పరిశీలనగా చూస్తే కథ మొదలవుతుంది.

ఈ ప్రాంతంలో పాత గోడలు చాలావరకు రాళ్ళు పేర్చి కట్టినవి కావు, పోత పోసినవి. ఇవాళ మన మేస్త్రీలు సెంట్రింగు కొట్టినట్టే రెండువైపులా చెక్కలు నిలబెట్టి, మధ్యలో మట్టీ, సున్నం, గులకరాళ్ళూ పొరలు పొరలుగా వేసి దిమ్మిసలతో కొట్టేవాళ్ళు. ఒక వరస గట్టిపడ్డాక చెక్కలు ఊడదీసి, దానిమీద మళ్ళీ బిగించి పై వరస. ఈ పద్ధతిని "తాపియా" అంటారు. చెక్కల్ని నిలబెట్టడానికి అడ్డంగా దూర్చిన దుంగలు ఎప్పుడో పుచ్చిపోయాయి, వాటి కన్నాలు మాత్రం గోడలో వరసగా మిగిలిపోయాయి. ఆ కన్నాల వరసలు లెక్కపెడితే గోడ ఎన్ని దఫాలుగా లేచిందో తెలిసిపోతుంది. గోడ కూలింది కాబట్టే దాని లోపల ఏముందో కనిపిస్తోంది. నున్నగా పూత పూసి రంగేసిన కోటలో ఇది కనపడదు. సోర్సు కోడు చూడ్డానికీ, స్క్రీను చూడ్డానికీ ఉన్నంత తేడా ఉంది.

రెండోది నీళ్ళ తొట్టి. దీన్ని అక్కడ "అల్హిబే" అంటారు, ఇదీ అరబీ మాటే. కొండ కొసన ఊట ఉండదు, వానపడితేనే నీళ్ళు. అందుకని తొట్టిని నున్నగా, నీరు ఇంకకుండా లోపల గార చేసి, మూలల్ని గుండ్రంగా తీర్చారు. కోట కూలినా చాలాచోట్ల ఈ తొట్టి మాత్రం నిలబడి ఉంటుంది. ప్రాణం అందులో ఉందని కట్టినవాళ్ళకి తెలుసు మరి.

ఆ సంగతి నాకూ అక్కడే తెలిసింది. మార్చిలో ఎండేముంటుందిలే అని ఒకే ఒక్క లీటరు సీసాతో ఎక్కాను. పైకి చేరేసరికి ఖాళీ. దిగేటప్పుడు నాలుక పిడచకట్టుకుపోయింది. తప్పు పూర్తిగా నాదే. ఎండిపోయిన తొట్టి అంచున నిలబడి, ఇక్కడ పిల్లాపాపలతో నెల రోజులుండాల్సి వస్తే ఎలా అని ఆలోచించాను. ఇది ఏ మ్యూజియంలోనూ తట్టే ఆలోచన కాదు.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. కోట అనగానే మనకి రాజూ, రాణివాసం, ఫిరంగులూ గుర్తొస్తాయి. ఈ లోయల్లో కొండకోటలు చాలావరకు అలాంటివి కావు. పియేర్ గిషార్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు, ఆయనతో పనిచేసిన పురావస్తువాళ్ళూ తూర్పు స్పెయిన్ కోటల్ని ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పినదేమిటంటే, వీటిలో చాలా మటుకు చుట్టుపక్కల పల్లెల రైతుల ఉమ్మడి ఆశ్రయాలని. దండు వస్తోందని కబురందితే మేకల్నీ, గింజల్నీ, ముసలివాళ్ళనీ తీసుకుని పైకెక్కి తలుపేసుకునేవాళ్ళు. మిగతా రోజుల్లో కోట దాదాపు ఖాళీయే. అందుకే లోపల ఆవరణ విశాలంగా ఉంటుంది, భవనాలు తక్కువ. మీరు ఊరి నుంచి నడిచి ఎక్కితే ఆ మాట మీ కాళ్ళకి అర్థమవుతుంది. "మేకల్ని తోలుకుంటూ, చంటిపిల్లని ఎత్తుకుని అయితే రెండు గంటలు" అని మీకు మీరే లెక్కేసుకుంటారు. కారులో పైదాకా వెళ్తే ఈ లెక్క రాదు. కోటకీ ఊరికీ ఉన్న సంబంధం ఆ దారిలోనే ఉంది. రోడ్డు వేస్తే ముందు పోయేది అదే.

రెండు భాషల ఒప్పందం

ఈ కొండల్లో 13వ శతాబ్దంలో ఒక నాయకుడుండేవాడు. జనం పిలిచిన పేరు అల్ అజ్రఖ్, అంటే నీలివాడు. కళ్ళు నీలంగా ఉండేవట. వాలెన్సియా నగరాన్ని ఆరగాన్ రాజు జౌమె 1238లో గెలుచుకున్నాడు. ఈ జౌమెనే ఇంగ్లీషు పుస్తకాల్లో జేమ్స్ అంటారు. నగరం పడినా కొండలు పడలేదు. అల్ అజ్రఖ్ చేతిలో కొన్ని కోటలు ఉండిపోయాయి. రాజు కొడుకు అతనితో ఒక ఒప్పందం రాసుకున్నాడు. ఆ పత్రం ఇప్పటికీ బార్సిలోనాలో ఆరగాన్ రాజుల పత్రాగారంలో ఉంది. ఒకే తోలు కాగితం మీద, ఒక వరస స్పెయిన్ వాళ్ళ భాషలో, ఒక వరస అరబీలో రాసినది.

తమాషా ఏమిటంటే, రెండు వరసలూ ఒకే మాట చెప్పవు. క్రైస్తవుల వరస చదివితే అల్ అజ్రఖ్ లొంగిపోయి సామంతుడయ్యాడు. అరబీ వరస చదివితే ఇద్దరు సమానుల మధ్య కొన్నేళ్ళ సంధి కుదిరింది. రెండువైపులవాళ్ళూ తృప్తిగా సంతకాలు పెట్టారు. క్లయింటు చేతిలో ఒక డాక్యుమెంటు, డెవలపర్ల చేతిలో ఇంకోటి ఉన్న ప్రాజెక్టులు మనలో ఎవరు చెయ్యలేదు చెప్పండి? అక్కడేం జరుగుతుందో ఇక్కడా అదే జరిగింది. 1247కల్లా తిరుగుబాటు మొదలైంది, దాదాపు పదేళ్ళు నడిచింది.

దాన్ని ముగించింది కత్తి కాదు, గింజలు. జౌమె రాజు ఆత్మకథలో ఈ సంగతి స్వయంగా చెప్పుకున్నాడు. అల్ అజ్రఖ్ నమ్మినబంటుకి లంచమిచ్చి, "సంధి ఉంది కదా, ధర బాగుంది, ధాన్యం అమ్మెయ్యండి" అని సలహా ఇప్పించాడట. గాదెలు ఖాళీ అయ్యాక సంధి పొడిగించకుండా దండెత్తాడు. తొట్టిలో నీళ్ళున్నా, గాదెలో గింజలు లేని కోట ఎన్నాళ్ళు నిలుస్తుంది? 1258లో అల్ అజ్రఖ్ దేశం విడిచి వెళ్ళాడు. 1276లో తిరిగొచ్చి, అల్కోయ్ పట్నం గోడల ముందు యుద్ధంలో చనిపోయాడు.

ఆ అల్కోయ్‌లోనే ఏటా ఏప్రిల్‌లో "మూరులూ క్రైస్తవులూ" అనే పెద్ద వేడుక చేస్తారు. ఊళ్ళోవాళ్ళే సగంమంది మూరుల వేషాలు, సగంమంది క్రైస్తవుల వేషాలు వేసుకుని తుపాకుల్లో మందుగుండు పేలుస్తూ మూడు రోజులు ఊరేగుతారు. చివరికి గెలుపు సెయింట్ జార్జిదే. చూసినవాళ్ళు చాలా బాగుంటుందంటారు. తలపాగాలూ, పట్టుబట్టలూ ఉండడంతో మూరుల వేషానికే మోజెక్కువట కూడా.

అసలు గొడవ ఇక్కడ

వేడుక సంగతి సరే, అసలు మూరులేమయ్యారు?

711లో జలసంధి దాటి వచ్చిన సైన్యంలో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా బెర్బెర్లు. కానీ తర్వాతి శతాబ్దాల్లో అక్కడున్న ముస్లిముల్లో అత్యధికులు మతం మారిన స్థానికులూ, వాళ్ళ పిల్లలూ. చేలు చదును చేసినదీ, కాలవలు తవ్వినదీ, ఆ తొట్లు కట్టినదీ వాళ్ళే. క్రైస్తవ రాజ్యం వచ్చాక కూడా మూడొందల యాభై ఏళ్ళకి పైగా అదే లోయల్లో ఉన్నారు. 1520లలో బలవంతంగా బాప్తిస్మమిచ్చారు. అంటే 1609 నాటికి వాళ్ళు కాగితం మీద క్రైస్తవులే. అయినా నమ్మలేదు. మూడో ఫిలిప్ రాజు ఆజ్ఞని 1609 సెప్టెంబరు 22న వాలెన్సియాలో చాటింపు వేశారు. మోసుకెళ్ళగలిగినంత తీసుకుని, రేవుకి నడిచి వెళ్ళి, ఓడ ఎక్కాలి. ఒక్క వాలెన్సియా రాజ్యం నుంచే లక్షమందికి పైగా పోయారు, ఇంచుమించు మొత్తం జనాభాలో మూడో వంతు. ఐదేళ్ళలో స్పెయిన్ అంతటా కలిపి మూడు లక్షల దాకా ఉంటారని అంచనా.

కొందరు ఎదిరించారు. గల్యినేరాకి దగ్గర్లోనే లగ్వార్ అని ఇంకో లోయ ఉంది. వేలమంది పిల్లాపాపలతో అక్కడి కవాల్ వెర్ద్ కొండమీదికి, ఒక పాత కోట శిథిలాల దగ్గరికి ఎక్కారు. కవాల్ వెర్ద్ అంటే పచ్చ గుర్రం. పచ్చ గుర్రమెక్కి ఒక వీరుడొచ్చి తమని కాపాడతాడని వాళ్ళ నమ్మకం అని చెబుతారు. నవంబరులో సైన్యం వచ్చింది. గుర్రం రాలేదు. చాలామంది కొండవాలులో చచ్చిపోయారు, మిగిలినవాళ్ళు నీళ్ళు లేక దిగివచ్చి లొంగిపోయారు.

నేను లీటరు సీసా గురించి ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఈ కథ నేను చదివింది బెనిస్సిలి నుంచి దిగి వచ్చిన రాత్రి. మామూలుగా అయితే ఒక పేరాలాగా చదివి పేజీ తిప్పేసేవాణ్ణి. ఆ రాత్రి తిప్పలేకపోయాను.

మర్నాడు అల్కలా లోయలో అద్సువియేతా అనే ఊరు చూడ్డానికి వెళ్ళాను. ఊరంటే ఊరు కాదు. 1609లో ఖాళీ అయిపోయిన ఊరు, గోడలూ గుమ్మాలూ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అలా ఖాళీ అయిన లోయల్లో తర్వాత మయోర్కా ద్వీపం నుంచి రైతుల్ని తెచ్చి కాపురం పెట్టించారు. ఇవాళ ఆ ఊళ్ళలో ఉన్నది చాలావరకు వాళ్ళ సంతతే. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళూ పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళే.

ఇక నా అభ్యంతరం. "మూరిష్ కోట" అనే మాట చూడండి. బ్రోషర్లలో, బోర్డుల మీద ఎక్కడ చూసినా అదే. అందులో ఒక దూరం ఉంది. ఎవరో పరాయివాళ్ళు వచ్చారు, కట్టారు, పోయారు అన్నట్టు. తొమ్మిది వందల ఏళ్ళున్నవాళ్ళు పరాయివాళ్ళెలా అవుతారు? పోలేదు, పంపేశారు. మనవైపు కూడా ఈ జబ్బు ఉంది కదా. పక్కింటి సాయెబుగారి నుంచి ఢిల్లీ సుల్తాను దాకా అందర్నీ కలిపి "తురకలు" అనెయ్యడం మనకీ అలవాటే. వాళ్ళలో తురుష్కులెందరో, మన ఊరి చేనేతవాళ్ళూ, దూదేకులవాళ్ళూ ఎందరో ఎవరికీ పట్టదు. ఒక్క మాటలో అందర్నీ వాకిలి అవతలికి నెట్టేస్తాం. ఆ మాట నేనూ వాడాను చిన్నప్పుడు, ఆలోచించకుండానే.

స్పెయిన్ ఒక మంచి పని చేసింది. 1492లో వెళ్ళగొట్టిన యూదుల వారసులకి పౌరసత్వం ఇస్తామని 2015లో చట్టం చేసింది. 1609లో వెళ్ళగొట్టినవాళ్ళ వారసులకి మాత్రం అలాంటిదేదీ రాలేదు. చట్టాలు చెయ్యడం పెద్దల పని, దాని లాభనష్టాలు తేల్చేంతవాణ్ణి కాను. కానీ ఒక బోర్డు రాయడానికి పార్లమెంటు అక్కర్లేదు. "ఇది ఈ లోయ రైతులు కట్టుకున్న కోట. 1609లో వాళ్ళని ఇక్కణ్ణుంచి వెళ్ళగొట్టారు" అని రెండు వాక్యాలు. అంతే నేనడిగేది.

మరి బాగుచెయ్యొద్దా?

మీరు మత్రేరా కోట ఫొటో చూసే ఉంటారు. స్పెయిన్ దక్షిణాన కాదిస్ జిల్లాలో, తొమ్మిదో శతాబ్దంలో మొదలైన కొండకోట. 2013లో వానలకి దాని బురుజు కొంత కూలింది. మరమ్మతు చేసిన ఆర్కిటెక్టు మిగిలిన పాత రాళ్ళని అలాగే ఉంచి, పోయిన భాగాన్ని నున్నటి తెల్లగోడతో నింపేశాడు. 2016లో ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే హిస్పానియా నోస్త్రా సంస్థ మండిపడింది. అదే ఏడాది ఒక అంతర్జాతీయ ఆర్కిటెక్చర్ పోటీలో జనం ఓట్లతో బహుమతీ వచ్చింది! అప్పుడు నేనూ ఆ ఫొటో నలుగురికి పంపి నవ్వినవాణ్ణే.

ఇప్పుడంత నవ్వు రావట్లేదు. ఎందుకంటే స్పెయిన్ చట్టం అడిగేదే అది. 1949 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ దేశంలో ప్రతి కోటా, ఎంత శిథిలమైనదైనా సరే, ప్రభుత్వ రక్షణలో ఉంటుంది. దాని స్వరూపం మార్చకూడదు. 1985 వారసత్వ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, అసలు రాళ్ళు దొరికితే తప్ప పునర్నిర్మాణం వద్దంది. తప్పనిసరై ఏదైనా కలిపితే అది కొత్తదని తెలిసిపోవాలంది. పాతదానిలా నటించే కొత్తగోడ కట్టడం కన్నా ఇది నిజాయితీ. పాత కోడులో ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో తెలియాలని మనం పట్టుబట్టమూ? అదే సూత్రం. మత్రేరాలో నాకు ఇప్పటికీ నచ్చనిది సూత్రం కాదు, మోతాదు. పడిపోయే గోడకి దన్ను కట్టి ఆగిపోకుండా, బురుజు ఆకారమంతా తిరిగి లేపారు. పడిపోవడమూ ఆ కోట చరిత్రలో భాగమే, దాన్ని చెరిపెయ్యాల్సిన పని లేదు.

"మరి మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నగారు చూడొద్దా? చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు?" అని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఇది నా వాదనలో నిజమైన లోపం. కింద ఊళ్ళో ఒక గది కట్టి, కోట నమూనా, మంచి ఫొటోలూ, ఆ రెండు భాషల ఒప్పందం నకలూ పెట్టడం కొంత పరిష్కారం. కొండకి రోడ్డు వేసే ఖర్చుతో అలాంటివి ఎన్నో కట్టొచ్చు. "జనం ఖాళీ అవుతున్న ఊళ్ళకి పర్యాటకులొస్తే నాలుగు డబ్బులు కదా" అనేది ఇంకో ప్రశ్న. నిజమే. కానీ నడిచి ఎక్కేవాడు ఆ రాత్రి ఊళ్ళో పడుకుంటాడు, పొద్దున్న అక్కడే తింటాడు. బస్సులో వచ్చినవాడు ఫొటో తీసుకుని సాయంత్రానికి బీచి హోటలుకి వెళ్ళిపోతాడు. ఎవరివల్ల ఊరికి లాభం?

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. వేసవిలో వద్దు. మనిషికి రెండు లీటర్లకి తక్కువ కాకుండా నీళ్ళు. రాళ్ళ మీద, చెట్ల మీద తెలుపు-పసుపు గీతలుంటే అది గుర్తులు పెట్టిన దారి, అవి అడ్డంగా కొట్టేసినట్టు ఉంటే అటు కాదని అర్థం. గోడలెక్కకండి, మీరు దిగుతారు గానీ అది నిలబడకపోవచ్చు. తొట్ల నోళ్ళు పొదల్లో కనపడవు, చూసి అడుగెయ్యండి. ఇంకొకటి, గడ్డపార పట్టుకెళ్ళకండి :) వెళ్ళిపోయేటప్పుడు మూరులు బంగారం పాతిపెట్టి వెళ్ళారని అక్కడా కథలున్నాయి. మన కొండకోటల్లో గుప్తనిధుల పేరుతో తవ్విన గోతులు చూసినవాణ్ణి కాబట్టి, అక్కడ రెండు గోతులు కనపడితే ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంతకీ మా మిత్రుడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా కోటలో నీళ్ళెక్కణ్ణుంచి వచ్చేవో నేనెప్పుడూ చూళ్ళేదు రా. ఎక్కింది కూడా చిన్నప్పుడు ఒక్కసారే, స్కూలు వాళ్ళతో" అన్నాడు. వచ్చే ఆదివారం దేవరకొండ వెళ్తున్నాం. ఊళ్ళోంచి నడిచే ఎక్కుదామని ఒప్పందం. నీళ్ళు మాత్రం ఈసారి మూడు సీసాలు.